అమెరికాలో శాటిలైట్ టీవీ మీద లోకల్ చానెళ్ళు హెచ్‌డీలో రావాలంటే

డిష్ పెట్టించుకుని, వందల చానెళ్ళు వస్తున్నా, ఊరి వార్తలు చెప్పే చానెల్ మాత్రం రావడం లేదంటే ఉసూరుమంటుంది. డాలస్ వైపు టోర్నడో సైరన్ మోగినప్పుడూ, న్యూజెర్సీలో రాత్రంతా మంచు పడి పొద్దున పిల్లలకి బడి ఉందో లేదో తెలియనప్పుడూ కావలసింది ఆ లోకల్ చానెలే. ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్, పీబీఎస్ లాంటి నెట్‌వర్కుల కార్యక్రమాలు ఇళ్ళకి చేరేది ఏ ఊరికా ఊరి స్టేషన్ల ద్వారానే. వాటిని డైరెక్ట్‌టీవీ, డిష్ నెట్‌వర్క్ అనే రెండు శాటిలైట్ టీవీ కంపెనీల ద్వారా హెచ్‌డీలో ఎలా తెచ్చుకోవాలో, ఎక్కడెక్కడ తేడా కొడుతుందో వరసగా చూద్దాం.

ఇండియా నుంచి వచ్చినవాళ్ళు మొదట పొరబడేది ఒకచోట. అక్కడ హైదరాబాద్‌లో కొన్న డీటీహెచ్ బాక్సుని విజయవాడ పట్టుకెళ్ళి, డిష్ సరిగ్గా తిప్పి పెట్టుకుంటే అవే చానెళ్ళు వస్తాయి. ఒకే సిగ్నల్ దేశం మొత్తం మీద పడుతుంది. అమెరికాలో లోకల్ చానెళ్ళు అలా రావు. ఉపగ్రహం వాటిని స్పాట్ బీమ్ మీద, అంటే టార్చిలైటు వెలుగులా ఒక ప్రాంతం మీద మాత్రమే వేస్తుంది. డాలస్ చానెళ్ళ బీమ్ న్యూజెర్సీ మీద పడదు. అందుకని ఈ పనిలో డిష్ కంటే ముందు సరిచూసుకోవలసింది అడ్రస్.

ముందు మీ మార్కెట్ ఏదో తేల్చుకోండి

టీవీ ప్రేక్షకుల లెక్కలు కట్టే నీల్సన్ సంస్థ అమెరికాని 210 టీవీ మార్కెట్లుగా విడగొట్టింది. ఈ విభజన దాదాపుగా కౌంటీల లెక్కన ఉంటుంది. ఇల్లు ఏ కౌంటీలో ఉంటే ఆ మార్కెట్ చానెళ్ళే వస్తాయి.

తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే రెండు ఊళ్ళనే తీసుకోండి. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో, వెస్ట్ విండ్సర్ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ప్లెయిన్స్‌బరో మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంది కాబట్టి న్యూయార్క్ మార్కెట్: 2 సీబీఎస్, 4 ఎన్‌బీసీ, 5 ఫాక్స్, 7 ఏబీసీ. వెస్ట్ విండ్సర్ మెర్సర్ కౌంటీ కాబట్టి ఫిలడెల్ఫియా మార్కెట్: 3 సీబీఎస్, 6 ఏబీసీ, 10 ఎన్‌బీసీ, 29 ఫాక్స్. ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంట్లో న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ ఆట వస్తుంటే, మైలు దూరంలో ఉన్న ఇంట్లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆట వస్తుంది. పైగా 08540 అనే ప్రిన్స్‌టన్ జిప్ కోడ్ కిందకి ఈ రెండు కౌంటీల ఇళ్ళూ వస్తాయి. జిప్ కోడ్ ఒక్కటే చూసి అకౌంట్ తెరిస్తే తప్పు మార్కెట్‌లో పడే అవకాశం ఉంది. కౌంటీ పేరు మీరే చెప్పండి.

కంపెనీకి ఫోన్ చేసినప్పుడు ఈ నాలుగూ అడిగి రాసుకోండి. నా సర్వీస్ అడ్రస్ మీ రికార్డులో ఏ కౌంటీగా ఉంది? ఆ మార్కెట్‌లో ఏ స్టేషన్లు హెచ్‌డీలో ఇస్తున్నారు? నేను తీసుకునే ప్యాకేజీలో లోకల్ చానెళ్ళు కలిసే ఉన్నాయా, విడిగా డబ్బు కట్టాలా? ప్రస్తుతం ఏ స్టేషన్‌తోనైనా ఒప్పందం ఆగిపోయి ఉందా? చివరి ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. స్టేషన్‌కీ శాటిలైట్ కంపెనీకీ రేటు కుదరక చానెల్ వారాల తరబడి ఆగిపోవడం ఇక్కడ మామూలే. అది డిష్ లోపం కాదు, ఎంత తిప్పినా రాదు.

బిల్లు వెళ్ళే అడ్రస్, సర్వీస్ అడ్రస్ వేరువేరుగా ఉండవచ్చు. చానెళ్ళు నిర్ణయమయ్యేది సర్వీస్ అడ్రస్ మీదే. ఇల్లు మారినప్పుడు బిల్లు అడ్రస్ మాత్రం మార్చి ఊరుకుంటే, కొత్త ఇంట్లో మిగతావన్నీ వచ్చి లోకల్ చానెళ్ళు ఒక్కటే రావు. బాక్సు పాత ఊరి బీమ్ కోసం వెతుకుతూ ఉంటుంది. బంధువుల అడ్రస్ ఇచ్చి వేరే ఊరి చానెళ్ళు తెచ్చుకుందామనే ఆలోచన పెట్టుకోకండి. బీమ్ అందదు, ఒప్పందం ప్రకారం అది తప్పు కూడా. దూరపు ఊరి నెట్‌వర్క్ స్టేషన్లని ఉపగ్రహం మీద ఇవ్వడాన్ని 2019 చివర్లో వచ్చిన చట్టం ఆర్‌వీలు (ఇల్లులా వాడుకునే బండ్లు), ట్రక్కులు, కొన్ని నెట్‌వర్కులు అసలు లేని చిన్న మార్కెట్లకే పరిమితం చేసింది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే

డిష్ పెట్టడానికి వీల్లేదని లీజింగ్ ఆఫీసు చెబితే వెంటనే ఆశ వదులుకోకండి. టీవీ, రేడియో ప్రసారాలని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి ఓటార్డ్ అనే నిబంధన ఉంది. ఒక మీటరు లేక అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న డిష్‌ని, లోకల్ చానెళ్ళ యాంటెన్నాని మీరు మాత్రమే వాడుకునే బాల్కనీలోనో పెరటిలోనో పెట్టుకోకుండా ఇంటి యజమానిగానీ హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) గానీ అడ్డుకోకూడదు. 1999 నుంచి ఇది అద్దెకున్నవాళ్ళకీ వర్తిస్తోంది. కాకపోతే హద్దులున్నాయి. బిల్డింగ్ కప్పు, బయటి గోడ అందరివీ కాబట్టి అక్కడ ఈ హక్కు చెల్లదు. బాల్కనీ రెయిలింగ్ దాటి బయటికి పొడుచుకు వచ్చినా చెల్లదు. గోడకి రంధ్రాలు చేయవద్దని యజమాని అనవచ్చు. అలాంటప్పుడు కాంక్రీటు దిమ్మెల బరువుతో నిలబడే స్టాండు వాడాలి. కేబుల్ లోపలికి తేవడానికి కిటికీ సందులోంచి దూరే పలచటి బల్లపరుపు కేబుల్ ముక్క దొరుకుతుంది.

ఆకాశం కనబడుతోందా?

డిష్‌లు ఇక్కడ దక్షిణం వైపు చూస్తాయి. ఉత్తరం వైపు మాత్రమే తెరుచుకున్న బాల్కనీలో ఏం చేసినా సిగ్నల్ రాదు.

డైరెక్ట్‌టీవీ హెచ్‌డీకి 99, 101, 103 డిగ్రీల పశ్చిమ రేఖాంశాల దగ్గరున్న ఉపగ్రహాలు కావాలి. మధ్యనున్న 101ని లెక్కకి తీసుకుంటే, డాలస్ నుంచి అది దాదాపు నేరుగా దక్షిణాన, అసలు ఉత్తరం నుంచి 188 డిగ్రీల దిక్కులో, నేల నుంచి సుమారు 52 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి చూస్తే నైరుతి వైపు 218 డిగ్రీల దిక్కులో, 36 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఎత్తు తగ్గేకొద్దీ చెట్ల బెడద ఎక్కువ. డిష్ కంటే 30 అడుగులు ఎత్తున్న చెట్టు ఆ దిక్కులో ఉంటే, డాలస్‌లో అది కనీసం 24 అడుగుల దూరంలో ఉంటే సరిపోతుంది. ఎడిసన్‌లో 42 అడుగులు కావాలి. 103 ఇంకాస్త కిందికి ఉంటుంది కాబట్టి 45 అనుకోండి. డిసెంబరులో ఆకులు రాలిన మేపుల్ చెట్టు సందులోంచి సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చి, మే నెలలో చిగుళ్ళు ముదరగానే పోతుంది. చలికాలంలో డిష్ పెట్టించేటప్పుడు ఆ కొమ్మలకి ఆకులున్నట్టు ఊహించుకుని చోటు ఎంచండి.

డిష్ నెట్‌వర్క్‌కి ఉపగ్రహాలు రెండు వరసలు. పడమటి వరసలో 110, 119, 129. తూర్పు వరసలో 61.5, 72.7. మీ మార్కెట్ చానెళ్ళు ఏ వరసలో ఉంటే ఆ డిష్ పెట్టాలి. ఎడిసన్ నుంచి 72.7 దాదాపు నేరుగా దక్షిణాన 43 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. నైరుతి వైపు చెట్లు అడ్డమైన ఇంటికి ఇది ఉపయోగపడవచ్చు. టెక్సస్‌లో పడమటి వరసకి వాడిన డిష్‌ని విప్పి న్యూజెర్సీ తెచ్చుకుంటే పనికి రాకపోవచ్చు. దాని కళ్ళు, అంటే ఎల్‌ఎన్‌బీలు, వేరే కోణాలకి అమర్చి ఉంటాయి.

దిక్సూచి దగ్గర ఒక జాగ్రత్త. అది చూపించేది అయస్కాంత ఉత్తరం. ఎడిసన్ ప్రాంతంలో అసలు ఉత్తరానికీ దానికీ 12 డిగ్రీలకి పైగా తేడా ఉంది, కాబట్టి 218 డిగ్రీల దిక్కు దిక్సూచిలో 230 దగ్గర కనబడుతుంది. కంపెనీ ఇచ్చే పట్టికలో అంకె అయస్కాంతానిదా, అసలుదా చూసుకోండి. రెండుసార్లు సరిదిద్దితే మొదటికే మోసం. ఇనుప రెయిలింగ్ పక్కన దిక్సూచిని నమ్మకండి. నాలుగైదు అడుగులు దూరం జరిగి దిక్కు చూసుకుని, ఆ వైపు ఏదో ఒక గుర్తు పెట్టుకోండి.

స్తంభం, డిష్, కోణాలు

ఇన్‌స్టలేషన్‌కి కంపెనీ మనిషి వస్తుంటే అతన్నే చేయనివ్వండి. కప్పు ఎక్కే పని మీరు పెట్టుకోవద్దు. నేల మీదో, డెక్ మీదో సొంతంగా పెడుతుంటే అసలు రహస్యం స్తంభంలో ఉంది. స్తంభం నిటారుగా లేకపోతే డిష్ మీదున్న కొలతలన్నీ అబద్ధం చెబుతాయి. లెవెల్‌ని ఒకసారి ముందు వైపు, ఒకసారి పక్క వైపు ఆనించి, రెండు చోట్లా బుడగ మధ్యలో ఉండేదాకా సరిచేయండి. డైరెక్ట్‌టీవీ స్లిమ్‌లైన్ డిష్‌కి 2 అంగుళాల బయటి వ్యాసం ఉన్న గొట్టం కావాలి. పెరట్లో గుంత తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టి వెళతారు.

తర్వాత మీ జిప్ కోడ్‌కి కంపెనీ పట్టికలో ఇచ్చిన మూడు కోణాల్లో టిల్ట్ (డిష్ పక్కకి ఒరిగే కోణం), ఎలివేషన్ (ఎత్తు కోణం) రెండూ డిష్ వెనకున్న స్కేళ్ళ మీద ముందే పెట్టేయండి. టిల్ట్ బోల్టులు బిగించండి. మిగిలింది అజిమత్, అంటే దిక్కు. దాన్ని మాత్రం వదులుగా ఉంచి, డిష్‌ని అంచు పట్టుకుని చాలా నెమ్మదిగా, ఒక్కో డిగ్రీ చొప్పున తిప్పండి. ప్రతి చోటా రెండు మూడు సెకన్లు ఆగాలి. సిగ్నల్ బలం చూపించే మీటరు స్పందించడానికి ఆ సమయం పడుతుంది. గబగబా తిప్పితే ఉపగ్రహాన్ని దాటిపోయినా తెలియదు.

101 దొరికి మీటరు 90 దాటగానే పని అయిపోయిందనుకుంటారు. హెచ్‌డీ తప్పిపోయేది సరిగ్గా ఇక్కడే. డైరెక్ట్‌టీవీ లోకల్ హెచ్‌డీ చానెళ్ళు 99, 103 నుంచి కేఏ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండులో వస్తాయి. కేఏ కిరణం 101 వాడే కేయూ బ్యాండు కిరణం కంటే సన్నం. డిష్ అర డిగ్రీ పక్కకి ఉన్నా 101 దర్జాగా 95 చూపిస్తుంది, 103 మాత్రం 60కి పడిపోతుంది. అందుకని 101 దొరికాక సన్నంగా తిప్పే స్క్రూలతో 103 మీద ఇంకోసారి సరిచేయండి. పద్ధతి తేలికే. స్క్రూని ఒక వైపు తిప్పుతూ అంకె కొద్దిగా తగ్గేదాకా వెళ్ళండి. వెనక్కి తిప్పి, గరిష్ఠం దాటి రెండో వైపు అంతే తగ్గేదాకా వెళ్ళండి. ఎన్ని చుట్లు పట్టిందో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కి రండి. దిక్కుకీ ఎత్తుకీ విడివిడిగా ఇలాగే చేయాలి. బోల్టులు బిగించేటప్పుడు కూడా మీటరు మీద కన్నుండాలి. చివరి బిగింపులో డిష్ కదలడం చాలా మామూలు విషయం.

అంకెలు చూడటానికి డైరెక్ట్‌టీవీ బాక్సు సెట్టింగ్స్‌లో శాటిలైట్ కింద వ్యూ సిగ్నల్ స్ట్రెంగ్త్ తెరవండి. 99ఎస్, 103ఎస్ అని ఉన్నవే స్పాట్ బీమ్‌లు. అక్కడ చాలా గళ్ళలో సున్నాలు కనబడితే కంగారు పడకండి. అవి వేరే ఊళ్ళ బీమ్‌లు. మీ ఊరివైన కొన్ని గళ్ళు 90 దగ్గర ఉంటే చాలు. అవి 70 కంటే తక్కువుంటే చిన్న వానకే చానెల్ పోతుంది.

కేబుల్, స్ప్లిట్టర్, ఎర్త్

ఆర్‌జీ-6 కేబుల్, మధ్య తీగ పూర్తి రాగిది కొనండి. చివర్లకి బిగించి నొక్కే కంప్రెషన్ కనెక్టరే పెట్టాలి. చేత్తో తిప్పి ఎక్కించేది కొంతకాలానికి నీళ్ళు లోపలికి పంపిస్తుంది. కనెక్టర్ బయటికి మధ్య తీగ ఎనిమిదో వంతు అంగుళం కనబడాలి, దానికి జాలీ తీగ పోగు ఒక్కటి కూడా తగలకూడదు. ఆ ఒక్క పోగు తగిలితే షార్టై డిష్‌కి కరెంటు అందదు.

పాత ఇంట్లో గోడలో ఉన్న స్ప్లిట్టర్‌ని (ఒక కేబుల్‌ని చాలా టీవీలకి పంచేది) అలాగే వాడేస్తారు. దాని మీద 5 నుంచి 1000 మెగాహెర్ట్జ్ అని ఉంటే పనికిరాదు. శాటిలైట్ సిగ్నల్ 950 నుంచి 2150 దాకా వెళుతుంది కాబట్టి 2 నుంచి 2150 అని రాసి ఉన్నదే పెట్టాలి. డైరెక్ట్‌టీవీ స్విమ్ పద్ధతిలో (ఒకే తీగ మీద అన్ని బాక్సులకీ సిగ్నల్ పంపేది) డిష్‌కి కరెంటు పంపే చిన్న పెట్టె ఉంటుంది. దానికి రెండు కొనలు: ఒకటి డిష్ వైపు కరెంటు పంపేది, ఒకటి బాక్సుల వైపు సిగ్నల్ ఇచ్చేది. ఇవి తారుమారైతే ఇంట్లో ఒక్క టీవీ కూడా పనిచేయదు. ఈ పెట్టె స్ప్లిట్టర్ తర్వాత ఉంటే, స్ప్లిట్టర్‌లో కరెంటు దాటనిచ్చే ఒకే ఒక కొనకే దీన్ని కలపాలి. ఆ కొన మీద గుర్తుంటుంది.

ఎర్త్ విషయంలో బద్ధకం వద్దు. కేబుల్ ఇంట్లోకి వెళ్ళే చోట కేబుల్‌ని ఎర్త్‌కి కలిపే గ్రౌండ్ బ్లాక్ పెట్టి, అక్కడి నుంచి 10 గేజ్ రాగి తీగని ఇంటి కరెంటు ఎర్త్‌కే కలపాలి. విడిగా ఒక కడ్డీ నేలలో కొట్టి వదిలేస్తే రెండు ఎర్త్‌ల మధ్య తేడా వచ్చి, పిడుగు పడ్డప్పుడు అది టీవీ మీదుగానే పోతుంది. గోడలోకి దూరే ముందు కేబుల్‌ని కిందికి ఒక ఒంపు తిప్పండి, వాన నీళ్ళు అక్కడే కారిపోతాయి.

టీవీ దగ్గర

సిగ్నల్ అంతా హెచ్‌డీ అయినా బొమ్మ మసకగానే ఉందంటే బాక్సు వెనక చూడండి. ఎరుపు, తెలుపు, పసుపు తీగలతో కలిపి ఉంటే ఎప్పటికీ హెచ్‌డీ రాదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు గెస్ట్ రూమ్‌లో పెట్టే పాత టీవీల దగ్గర ఇది ఎక్కువ. హెచ్‌డీఎంఐ తీగ వేసి, బాక్సు సెట్టింగ్స్‌లో రిజల్యూషన్‌ని 1080ఐ చేయండి. ఏబీసీ, ఫాక్స్ 720పీలో, సీబీఎస్, ఎన్‌బీసీ 1080ఐలో పంపుతాయి. నేటివ్ అనే ఎంపిక ఉంటే ప్రతిదాన్నీ ఉన్నదున్నట్టు టీవీకి ఇస్తుంది. కాకపోతే చానెల్ మార్చిన ప్రతిసారీ తెర ఒక క్షణం నల్లబడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళుంటే 1080ఐ దగ్గరే ఉంచండి, టీవీ ఆగిపోయిందని భయపడరు.

యాంటెన్నా కూడా పెట్టండి

ఇది ఐచ్ఛికం అనుకోకండి. ఒప్పందం తెగి చానెల్ ఆగిపోయినా, గాలివానకి డిష్ సిగ్నల్ పోయినా టోర్నడో హెచ్చరిక అందేది దీని మీదే. నెలవారీ ఖర్చు లేదు, పైగా శాటిలైట్‌లో సాధారణంగా రాని 8.2, 8.3 లాంటి ఉపచానెళ్ళూ వస్తాయి. డిష్ నెట్‌వర్క్ హాపర్ బాక్సుకి యూఎస్‌బీ ఓటీఏ (యాంటెన్నా) అడాప్టర్, డైరెక్ట్‌టీవీ జీనీ బాక్సుకి లోకల్ ఛానల్ కనెక్టర్ దొరుకుతాయి. వీటికి యాంటెన్నా తగిలిస్తే ఈ చానెళ్ళు కూడా మామూలు గైడ్‌లోనే కలిసిపోతాయి, రికార్డు చేసుకోవచ్చు.

ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో డీటీవీ మ్యాప్స్ తెరిచి మీ అడ్రస్ ఇస్తే ఏ టవర్ ఏ దిక్కులో, ఎంత దూరంలో ఉందో చూపిస్తుంది. డాలస్ టవర్లు ఊరికి దక్షిణాన సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి అది దాదాపు 40 మైళ్ళు. కిటికీకి అంటించే పలచటి యాంటెన్నా అంత దూరం నుంచి నమ్మకంగా పట్టదు, అటకలోనో కప్పు మీదో పెద్దది కావాలి. ఇంకొకటి, చానెల్ బ్యాండు చూడండి. డాలస్ ఏబీసీ 8వ చానెల్, న్యూయార్క్ ఏబీసీ 7వ చానెల్ వీహెచ్‌ఎఫ్ అనే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండులోనే ఉన్నాయి. ఫిలడెల్ఫియా ఏబీసీ అయితే మరీ కింద, 6లో ఉంది. దానికి పైనుండే యూహెచ్‌ఎఫ్ బ్యాండుకి మాత్రమే చేసిన యాంటెన్నా కొంటే అన్నీ వచ్చి ఏబీసీ ఒక్కటే రాకపోవడానికి కారణం ఇదే. వీహెచ్‌ఎఫ్ కోసం పొడవాటి కడ్డీలున్నది తీసుకోండి.

యాంటెన్నా కేబుల్‌ని డిష్ కేబుల్‌తో కలిపి ఒకే తీగలో తేవాలని చూడకండి. డైరెక్ట్‌టీవీ బాక్సులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీలు యూహెచ్‌ఎఫ్ మీదకి వచ్చి పడతాయి. విడి తీగ వేసి, నేరుగా అడాప్టర్‌కి ఇవ్వండి.

చానెల్ పోయినప్పుడు

డైరెక్ట్‌టీవీ తెర మీద 771 వస్తే ఉపగ్రహం సిగ్నల్ అందడం లేదు. వాన పడుతుంటే కాసేపు ఆగండి, కేఏ బ్యాండుకి వాన గట్టి దెబ్బ. ఆకాశం తేటగా ఉన్నా వస్తే 103 అంకెలు చూడండి. 775 వస్తే డిష్‌కీ బాక్సుకీ మధ్య తీగలోనో, కరెంటు పంపే పెట్టెలోనో తేడా. ఆ పెట్టె ప్లగ్ ఎవరైనా వాక్యూమ్ కోసం పీకారేమో ముందు చూడండి. 721 అంటే ఆ చానెల్ మీ అకౌంట్‌లో లేదని. లోకల్ చానెల్ మీద ఇది కనబడితే ఫోన్ చేసి సర్వీస్ అడ్రస్, కౌంటీ మళ్ళీ చదివించుకోండి.

లోకల్ చానెళ్ళన్నీ ఒకేసారి పోయి మిగతావి బాగుంటే స్పాట్ బీమ్ లేదా అడ్రస్ చూడాలి. ఒక్క స్టేషనే పోతే దాదాపుగా ఒప్పందం గొడవే, లేదా ఆ స్టేషన్ పరికరాల్లో లోపం. అప్పుడు యాంటెన్నా మీద అదే చానెల్ పెట్టి చూడండి. అక్కడా రాకపోతే స్టేషన్‌దే తప్పు. డిష్ మీద మంచు పేరుకుంటే పొడవాటి కర్రకి మెత్తటి చీపురు కట్టి నేల మీద నుంచే దులపండి. పిడికిలితో కొట్టినా, గడ్డపారతో గీరినా కోణం మారిపోతుంది, మళ్ళీ 103 దగ్గర స్క్రూల పని మొదలు.